టేపులో లేని అడుగు

“మామయ్యగారికి చెప్పండి అత్తయ్యా, టీ చల్లారిపోతోందని.”

“టీ చల్లారిపోతోందట.”

“నాకు వద్దని చెప్పు కోడలికి.”

“వద్దట.”

అత్త ఇద్దరి మధ్యా పీట వేసుకుని కూర్చుంది. మూడు నెలలుగా ఆమెకిదే పని. “ఎవరో ఒకరు నాకు జీతమైనా ఇవ్వండి. పోస్టాఫీసులో కూడా ఇన్ని ఉత్తరాలు తిరగవు,” అంది.

ఎవరూ నవ్వలేదు. కొడుకు బస్సు తీయడానికి ఇంకా గంట టైముంది. అయినా చొక్కా గుండీలు పెట్టుకుంటూ వీధిలోకి జారుకున్నాడు. ఎదురెదురుగా వచ్చే రెండు బళ్ల మధ్య నిలబడకూడదని డ్రైవరుకి వేరే చెప్పాలా.

మామగారు మేస్త్రీ. గోడకి చేరబడి తాపీని గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచిందే మళ్లీ తుడుస్తున్నాడు. రసమట్టం, తూకం గుండు, సుత్తి అన్నీ గోనెసంచిలోకి వెళ్లిపోయాయి. తోలు డబ్బాలో చుట్టిన కొలతల టేపు ఒక్కటే ఇంకా మేకుకి వేలాడుతోంది. ఆయన అటు చూడడం లేదు.

నిన్న సాయంత్రం ఊరి సంఘం ఆఫీసు గుమాస్తా గడపలో నిలబడి చెప్పిపోయిన మాట ఇంకా ఇంట్లోనే తిరుగుతోంది. ఇరవై ఏళ్లలో ఊళ్లో అరవై కొత్త ఇళ్లు లేచాయి. సంఘం పనిగా మేస్త్రీ కొలిచి, కోడలు రాసిన కొత్త పన్నుల పుస్తకం ప్రకారం మాత్రం ఊరు ఇరవై ఏళ్ల కిందటి కన్నా చిన్నదైంది.

ఇంటిపన్ను చదరపు అడుగుల మీద పడుతుంది. ఆ పన్నుతో ఊరు తన వంతు ఒకటి చూపిస్తే, పైనుంచి సర్కారువి రెండు వంతులు వస్తాయి. ఆ మూడు వంతులూ కలిస్తే బడిలో ఆరో తరగతి. ఊరు చిన్నదైతే ఆ ఒక్క వంతు పూర్తికాదు. ఒకటి పూర్తికాకపోతే రెండూ రావు.

పొద్దున్నే క్షౌరశాలలో ఇంకో మాట పుట్టింది. మేస్త్రీ ఇంటికింతని పుచ్చుకుని తక్కువ కొలిచాడట.

“నేను చెప్పిన అంకె నేను చెప్పాను. తేడా ఎక్కడొచ్చిందో రాసినవాళ్లనే అడగమను,” అన్నాడు మేస్త్రీ తాపీతో.

“నేను రాయాల్సిందే రాశానని చెప్పండి అత్తయ్యా. బళ్లో లెక్కలు చెప్పేదాన్ని. అంకెలు వేయడం వచ్చు.”

“వరండా కారుతోందని నలుగురిలో చెప్పడమూ వచ్చు.”

“కారుతోంది కాబట్టి చెప్పాను.”

అత్త తలెత్తి ఇటు చూసింది, అటు చూసింది. మూడు నెలల్లో మొదటిసారి ఒకరి మాట ఇంకొకరికి నేరుగా తగిలింది. “పరవాలేదే, ఇద్దరికీ నోళ్లున్నాయి,” అంది.

అంతే, మళ్లీ ఇద్దరూ మూగవాళ్లయిపోయారు.

బడి వరండా మేస్త్రీయే కట్టాడు. పిల్లల తల్లిదండ్రుల మీటింగులో టీచరు హోదాలో కోడలు లేచి, వానొస్తే మూడో తరగతి తడుస్తోందని చెప్పింది. అప్పుడు మామగారు రెండో వరసలోనే కూర్చుని ఉన్నాడు. ఆ రోజు నుంచీ ఇంతే.

కోడలు బల్ల మీది ఐదో తరగతి పుస్తకాలు సర్దుతోంది. ఆరో తరగతి కావాలంటే ఇప్పుడు గంట దూరం బస్సులో పోవాలి. పోయినేడు ఐదో తరగతి పూర్తిచేసిన ఆడపిల్లలు ఏడుగురు. ఇప్పుడు ఆ బస్సెక్కేది ఇద్దరు. బస్సు నడిపేది తన మొగుడే కాబట్టి ఆ లెక్క రోజూ ఇంటికే వస్తుంది. ఈ ఏడాది ఐదో తరగతి పూర్తిచేసేవాళ్లు పదకొండు మంది. వాళ్ల పుస్తకాలను ఆమె విడిగా కట్ట కడుతోంది, అవసరం లేకపోయినా.

“మేస్త్రీ, ఉన్నావా?”

గుమాస్తా కళ్లజోడు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. చంకలో పన్నుల పుస్తకం, చేతిలో ఆఫీసు కొత్త టేపు.

“ఏమీ అనుకోకు. నలుగురూ అడగక ముందే నీ ఇంటి నుంచి మొదలెడదామని వచ్చా.”

“కొలుచుకోండి. గోడలెక్కడికీ పోలేదు,” అన్నాడు మేస్త్రీ. కూర్చున్న చోటి నుంచి కదల్లేదు.

గుమాస్తా ముందుగది కొలిచాడు. పొడుగు పద్నాలుగు అడుగులు. పుస్తకం తెరిచి చూశాడు. పదమూడు. అడ్డం కొలిస్తే పదకొండు. పుస్తకంలో పది. లోపలి గదిలోకి వెళ్లాడు. వంటగదిలోకి వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు తల గోక్కుంటున్నాడు.

“ప్రతి గోడకీ సరిగ్గా ఒక్క అడుగు తక్కువ. మింగేవాడు ఇంత శ్రద్ధగా మింగడు మేస్త్రీ. ఏమిటిది?”

అప్పుడు లేచాడు మేస్త్రీ. మేకు మీంచి టేపు తీసుకున్నాడు. చివరి ఇత్తడి రింగు ముందుగది మూలకి ఆనించి బొటనవేలితో అదిమిపట్టుకున్నాడు. గుమాస్తా టేపు లాక్కుంటూ అవతలి మూలకి పోయి వంగి చూశాడు.

“పదిహేను,” అన్నాడు. “అదేమిటయ్యా. నాదేమో పద్నాలుగు, పుస్తకంలో పదమూడు, నీదేమో పదిహేను. ఒక్క గోడకి మూడు పొడుగులా?”

“నా టేపుకి మొదటి అడుగు లేదండి. తెగిపోయింది. రింగు దగ్గరే ఒకటి మొదలవుతుంది. పదిహేను కనబడితే ఒకటి తీసేసి పద్నాలుగని చెబుతా. పదిహేనేళ్ల అలవాటు.”

కోడలి చేతిలోని పుస్తకాల కట్ట బల్ల మీద పడింది.

“తీసేసి చెబుతున్నారా?” అంది. అత్తతో కాదు, ఆయనతోనే.

“మరి?”

“నేనూ తీసేసే రాశాను.”

 గుమాస్తా టేపుని మెల్లగా వెనక్కి చుట్టాడు.

“పెళ్లైన కొత్తలో ఈ టేపుతోనే కొలిచి కిటికీ తెరలు కుట్టాను,” అంది కోడలు, ఎవరి వైపూ చూడకుండా. “నేల ఊడ్చాయి. అప్పుడు అత్తయ్య చెప్పారు, ఇందులో ఒక అడుగు లేదు, చూసినదాంట్లో ఒకటి తీసెయ్యమని. మామయ్యగారు టేపు మీదున్నది ఉన్నట్టు చదువుతున్నారనుకున్నాను.”

“మూడు వందల పన్నెండు ఇళ్లు తిరిగారే. ఒక్క గడపలోనైనా అడగలేదా తల్లీ, తీశారా లేదా అని?” అన్నాడు గుమాస్తా.

కోడలు నేల చూసింది. మామ తాపీ చూశాడు.

“వాళ్లకి మాటల్లేవు బాబూ,” అంది అత్త. “అంకెలే.”

ముందు గుమాస్తాయే నవ్వాడు. కళ్లజోడు తీసి, పీట మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు. “మీరిద్దరూ అలిగి ఊరి చుట్టూ అడుగు కోసేశారు కదయ్యా,” అన్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలు గోడవైపు తిరిగింది గాని భుజాలు కదులుతూనే ఉన్నాయి. మేస్త్రీ ఒక్కడే మీసం కింద ఆపుకున్నాడు.

“ఇంతకీ ఆ అడుగు ఏమైనట్టు?” అన్నాడు గుమాస్తా కళ్లు తుడుచుకుంటూ.

అత్త నవ్వు ఆగిపోయింది. మెల్లగా లేచి, లోపలికెళ్లి, అటక కింద మేకుకున్న పాత గుడ్డసంచి తెచ్చింది. కొడుకు బడికి పట్టుకెళ్లిన సంచి. దాని పట్టీ మీద నల్లటి అంకెలు ఒకటి నుంచి పన్నెండు అంగుళాల దాకా ఇంకా చెరగలేదు.

“పట్టీ తెగి పిల్లాడు బడికి పోనని మొండికేశాడు. ఇంట్లో ఇంత గట్టి గుడ్డ ఇంకోటి కనబడలేదు,” అంది.

“ఎలుక కొరికిందన్నావు,” అన్నాడు మేస్త్రీ.

“కొరికిన ఎలుక రింగు కూడా కుట్టిపెట్టి పోతుందా? పదిహేనేళ్లు నమ్మావు.”

ఈసారి మేస్త్రీ ఆపుకోలేకపోయాడు.

నవ్వులయ్యాక గుమాస్తా మామూలు మొహం పెట్టుకున్నాడు. పుస్తకంలో ప్రతి గోడకీ ఒకటి కలపడం పెద్ద పని కాదు. కానీ పన్ను చీటీలు ఇంటింటికీ వెళ్లిపోయాయి. ఇచ్చిన చీటీని సంఘం తనంతట తాను పెంచకూడదు. ఇంటాయన ఒప్పుకుని సంతకం పెట్టాలి. శనివారం సాయంత్రం ఐదింటికి లెక్క పైకి వెళ్లిపోవాలి. ఇవాళ బుధవారం.

“ఎక్కువ కడతానని ఎవడు సంతకం పెడతాడు మేస్త్రీ?”

మేస్త్రీ టేపు చుట్టి డబ్బాలో పెట్టాడు. చొక్కా తొడుక్కున్నాడు. అంగుళాల పట్టీ ఉన్న ఆ పాత సంచిని భుజానికి తగిలించుకున్నాడు. గడపదాకా వెళ్లి ఆగాడు.

“అమ్మాయ్, బడి వదిలాక పుస్తకం పట్టుకుని వీధి మొదట్లోకి రా.”

కోడలు తల ఊపింది.

“నా ఉద్యోగం ఊడింది,” అంది అత్త. చల్లారిన టీ తనే తాగేసింది.

*

మొదట క్షౌరశాలకే వెళ్లారు. పొద్దున మాట పుట్టింది అక్కడే గనక. మేస్త్రీ సంచి భుజం మీంచి తీసి పట్టీ చూపించాడు. కోడలు జరిగింది చెప్పింది. కుర్చీలో సగం గడ్డంతో కూర్చున్నవాడు నురగలోంచే నవ్వాడు. క్షురకుడు కత్తి పక్కనపెట్టి, చేతులు తుడుచుకుని, కాగితం తీసుకున్నాడు.

“నేనేదో నోరు జారాను మేస్త్రీ.”

“అంకె జారినవాణ్ని, నోరు జారినవాణ్ని నేనేమంటాను. సంతకం పెట్టు.”

“పెడతా. ఇంటి చుట్టూ అడుగు పెరిగిందని మా ఆవిడకి నువ్వే చెప్పాలి. ఇరుకు, ఇరుకు అని మూడేళ్లుగా ప్రాణం తోడేస్తోంది.”

అలా మొదలైంది. మేస్త్రీ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ప్రతి గడపలోనూ సంచి చూపించి ఒకే ముక్క చెప్పేవాడు. “మనం ఒక ఇటుక పెడితే పైవాళ్లు రెండు పెడతారు. మనం పెట్టకపోతే వాళ్లూ పెట్టరు. గోడ లేవదు.” మిగతా వివరం కోడలు చెప్పేది. ఏ ఇంటికి ఎంత పెరుగుతుందో ముందే వేసి ఉంచుకుంది. చాలా ఇళ్లకి నెలకి రెండు టీల ఖరీదు కూడా లేదు. అప్పటికే సంచి కథ వాళ్లకన్నా ముందు వీధులు తిరిగేస్తోంది. గురువారానికల్లా జనం వాకిట్లోనే నిలబడి, “ఏదీ, ఎలుక కుట్టిన పట్టీ ఏదీ?” అని అడిగి మరీ సంతకాలు పెట్టారు.

శుక్రవారం సాయంత్రం బేకరీ దగ్గర మాత్రం బండి ఆగింది.

బేకరీ యజమాని పిండి చేతులతో కాగితం తాకకుండానే చదివాడు. “నాకు పిల్లల్లేరు,” అన్నాడు. “మీ ఆరో తరగతికి నేనెందుకు కట్టాలి?”

కోడలు ఏదో చెప్పబోయింది. మేస్త్రీ చెయ్యెత్తాడు. దుకాణం లోపల వాలుకుర్చీలో బేకరీ ఆయన తల్లి కాలు చాపుకుని కూర్చుని ఉంది. కాలికి తెల్లటి కట్టు. రోజు విడిచి రోజు సంఘం ఆసుపత్రి నర్సు వచ్చి మారుస్తుంది.

“తగ్గుతోందా అమ్మా?” అన్నాడు మేస్త్రీ.

“నయమే నాయనా. ఆ పిల్ల చెయ్యి చల్లటిది.”

మేస్త్రీ బేకరీ ఆయన వైపు తిరిగాడు. “మా ఇంట్లో ఎవరి కాలికీ పుండు లేదయ్యా,” అన్నాడు నెమ్మదిగా. “ఆ నర్సు జీతమూ ఇంటిపన్నులోదే. నేనెందుకు కట్టాలని ఇంతవరకూ అడగలేదు.”

బేకరీ ఆయన మొహం తిప్పుకున్నాడు. పిండి ముద్ద తీసుకుని బల్ల మీద గట్టిగా కొట్టాడు. మామా కోడలూ బయటికొచ్చేశారు.

వీధి చివరిదాకా మౌనంగానే నడిచారు. కానీ ఇది మూడు నెలల మౌనం లాంటిది కాదు. ఎవరి ఆలోచనలో వాళ్లున్నారు, అంతే.

“ఆ వరండా,” అన్నాడు మేస్త్రీ ముందుకే చూస్తూ. “వాలు తక్కువ పెట్టాను. కారుతుంది.”

కోడలు నాలుగడుగులు నడిచింది. “ఎండాకాలంలో అసలు కారదు మామయ్యా,” అంది.

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. లోపల నవ్వే అయివుంటుంది.

*

శనివారం నాలుగు దాటింది. సంఘం ఆఫీసు గదిలో మేస్త్రీ, కోడలు చూస్తుండగా గుమాస్తా కూడుతూనే ఉన్నాడు. రెండు ఇళ్లు తాళాలు. రెండు ఇళ్లవాళ్లు ససేమిరా అన్నారు. బేకరీ సంగతి తేలలేదు. అత్త తలుపు పక్కన బెంచీ మీద కూర్చుని, ఎందుకైనా మంచిదని ఆ సంచి ఒళ్లో పెట్టుకుంది.

నాలుగుంపావుకి బేకరీ ఆయనే వచ్చాడు. రొట్టె కాగితంలో చుట్టిన కాగితం బల్ల మీద పెట్టాడు. దాని మీద సంతకం, రెండు నూనె మరకలు, ఒక పిండి వేలిముద్ర.

“నూనె అంటితే చెల్లదా?” అన్నాడు.

“సంతకం కనబడితే చాలు.”

“మా అమ్మ రాత్రి నుంచి నాతో మాట్లాడ్డం లేదు,” అన్నాడు బేకరీ ఆయన. “ఈ ఊళ్లో అదో జబ్బులా ఉంది.” మేస్త్రీ వైపు చూడకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వెళ్లలేదు.

గుమాస్తా ఆ ఇల్లు కూడా కలిపాడు. పెన్సిలు కిందపెట్టాడు.

“ఎంత?” అంది కోడలు.

“తొంభై ఆరు చదరపు అడుగులు తక్కువ.”

“తొంభై ఆరు వందలా?”

“తొంభై ఆరమ్మా. ఉత్తి తొంభై ఆరు.” గుమాస్తా గోడ గడియారం చూశాడు. “ఇంత కొంచెమే కదా అని పైవాళ్లు ఊరుకోరు. నిండాలి, లేదా పోవాలి.”

కోడలు కిటికీ దగ్గరికి నడిచింది. అక్కడి నుంచి బడి కనబడుతుంది. శనివారం ఒంటిపూట బడి కాబట్టి వరండా ఖాళీగా ఉంది.

మేస్త్రీ లేచి నిలబడ్డాడు.  తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు.

“మా పెరట్లో సామాను కొట్టు ఉంది,” అన్నాడు. “ఇటుకల గోడ, రేకుల కప్పు. పుస్తకంలో లేదు.”

“మరిచిపోయావా?”

“లేదండి. మరిచిపోలేదు.”

అత్త ఆయన వంక చూసింది. కోడలు కిటికీ నుంచి వెనక్కి తిరిగింది. ఆమెకీ తెలుసు. తమ ఇల్లు కొలిచిన రోజు ఆ కొట్టు ముందు నుంచే ఇద్దరూ నడిచి వచ్చారు. ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు.

“ఊళ్లో వాళ్లని అడుగు అడుగుకీ సంతకం అడిగాను. నా కొట్టు నేను దాచుకున్నాను,” అన్నాడు మేస్త్రీ. “పదండి. ఇంకా టైముంది.”

నలుగురూ గబగబా బయల్దేరారు. బేకరీ ఆయన కూడా వెనకాలే వచ్చాడు. ఆఫీసు నుంచి ఇంటి పెరడు రెండు సందులే. గుమాస్తా నడుస్తూనే తన టేపు తీయబోయాడు.

“వద్దండి,” అన్నాడు మేస్త్రీ. “దీంతోనే తగ్గించాను. దీంతోనే కలుపుతా.” ఇత్తడి రింగు టేపు జేబులోంచి తీశాడు.

ముందు పొడుగు కొలిచాడు. బయటి గోడ కాబట్టి అందరికీ కనబడింది. “పదమూడు కనబడుతోంది. తీసేస్తే పన్నెండు,” అన్నాడు. కోడలు పన్నెండు వేసింది. గుమాస్తా చూసి సరేనన్నాడు.

“పన్నెండు ఎనిమిదులు తొంభై ఆరు,” అంది కోడలు.  “అడ్డం ఎనిమిదుంటే చాలు మామయ్యా.”

కొట్టు రెండు పక్కల గోడలూ అటూ ఇటూ ప్రహరీలకి అంటుకుపోయి ఉన్నాయి. అడ్డం లోపలి నుంచే కొలవాలి. మేస్త్రీ తలుపు తీసి, చెక్కలు, తట్టలు, సిమెంటు సంచులు దాటుకుంటూ చీకట్లోకి వెళ్లాడు. టేపు లాగిన చప్పుడు వినబడింది. తట్ట ఒకటి దొర్లింది. తర్వాత ఆయన గొంతు.

“ఎనిమిది.”

బేకరీ ఆయన చప్పట్లు కొట్టబోయి ఆగాడు. ఎందుకంటే కోడలు రాయలేదు. పెన్సిలు కాగితానికి వెంట్రుకవాసి ఎత్తులో ఆగిపోయింది.

“మామయ్యా.”

“ఊఁ.”

“తీసేసి చెప్పారా, చూసింది చెప్పారా?”

 తీసేసి చెప్పిన ఎనిమిదైతే ఆరో తరగతి వచ్చినట్టే. చూసిన ఎనిమిదైతే అది ఏడే. గుమాస్తా వాచీ చూసుకున్నాడు. ఐదుకి పది నిమిషాలుంది. అత్త సంచి పట్టీని రెండు చేతులా పట్టుకుంది.

“అమ్మాయ్,” అన్నాడు మేస్త్రీ లోపల్నించి, కొంచెం సిగ్గుగా. “అలవాటులో అనేశాను. తీశానో లేదో నాకే గుర్తులేదు. రింగు ఆ మూల మేకుకే ఉంది, టేపు ఈ మూలకే పట్టుకునున్నా. నువ్వే వచ్చి చూడమ్మా.”

కోడలు చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తిపట్టి, సిమెంటు సంచి మీంచి దాటి లోపలికి వెళ్లింది. బయటి ముగ్గురికీ చీకట్లో ఆమె వంగడం ఒక్కటే కనబడింది.

 తర్వాత ఆమె నవ్వు వినబడింది. దాని వెనకే మేస్త్రీ నవ్వు.

“ఎంత?” అని అరిచాడు గుమాస్తా, పెన్ను మూత తీసి పట్టుకుని.

“తీసేసే చెప్పారు, ఎనిమిదే!” అంది కోడలు. లోపల ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.